చెప్పేవాడికి వినేవాడు లోకువ కాకూడదు

వింజమూరు: పదో తరగతి చదివే పిల్లవాడి చేతిలో అపరాధ పరిశోధక నవల కనిపిస్తే మన ఇళ్లలో ఇప్పటికీ పెద్దలు ముఖం చిట్లిస్తారు. అందులో కథ చెప్పేవాడు అబద్ధాలకోరో, స్వార్థపరుడో అయితే ఇక చెప్పనక్కర లేదు. 'ఇలాంటి వాడి మాటలా చదివేది?' అని పుస్తకం లాగేసుకుంటారు. అయితే ఈ వయసు పిల్లలకు ముఖ్యంగా కావలసింది అటువంటి పుస్తకమే.

అపరాధ పరిశోధక నవల మనకు కొత్త కాదు. కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంట్ రాజు ఒక తరం వారికి ఇంటి మనుషులంత పరిచయం. అద్దె పుస్తకాల దుకాణంలో రోజుకింత అని ఇచ్చి తెచ్చుకుని, క్లాసు పుస్తకం మధ్య దాచి చదివినవారే నేడు తాతలయ్యారు. ఆ నవలలతోనే చదివే అలవాటు పడినవారు ఎందరో ఉన్నారు. కాని వాటిలో పాఠకుడికి ఒక భరోసా ఉండేది. యుగంధర్ తెలివైనవాడు, నిజాయితీపరుడు. దోషిని ఎలాగూ ఆయనే పట్టుకుంటాడు. మనం వెంట నడిస్తే చాలు.

కథ చెప్పే మనిషే మనకు నచ్చకపోతే ఆ భరోసా ఉండదు. అతను చెప్పినదాంట్లో ఏది నిజం, ఏది దాచాడు అన్నది పాఠకుడే తేల్చుకోవాలి. అగాథా క్రిస్టీ 1926లో రాసిన 'రోజర్ ఆక్రాయిడ్ హత్య' కథను ఒక పల్లెటూరి డాక్టరు చెబుతాడు. ఆ పుస్తకంపై ఆనాడు పెద్ద వాదమే నడిచింది. ఎందుకో ఇక్కడ చెబితే చదవబోయేవారికి రుచి పోతుంది.

కౌమార వయసు వారి కోసం అమెరికా రచయిత్రి ఇ. లాక్‌హార్ట్ 2014లో 'వి వర్ లయర్స్' అనే నవల రాశారు. మేము అబద్ధాలకోరులం అని దాని పేరుకు అర్థం. కథ చెప్పే పిల్ల పేరు కేడెన్స్. తాతకు సొంతంగా ఒక దీవి ఉన్నంత కలవారి పిల్ల. పదిహేనో ఏట ఆ దీవిలో ఏదో జరిగింది. ఏమి జరిగిందో ఆ పిల్లకు గుర్తులేదు. ఇంట్లో వారు చెప్పరు. రెండేళ్ల తర్వాత అదే దీవికి వెళ్లి తెలుసుకోవాలని చూస్తుంది. ఎంతసేపూ తన తలనొప్పి, తన బాధే గాని ఎదుటివారి కష్టం పట్టదు. అందువల్ల చాలామంది పాఠకులకు ఆమె మీద చిరాకు కలిగింది.

ఆ ఇంటి గొడవ మాత్రం మన మెట్ట పల్లెల్లో ఎవరికైనా ఇట్టే అర్థమవుతుంది. ముగ్గురు కూతుళ్లు ముసలాయన ఆస్తి కోసం పోటీలు పడి ఆయన మెప్పు కోసం పాకులాడతారు. పిల్లలను కూడా అందులోకి దింపుతారు. వారితో కలిసి తిరిగే గ్యాట్ పాటిల్ అనే భారత సంతతి కుర్రవాడిని ఆ తాత పరాయివాడిగానే చూస్తాడు. పక్కనే ఉన్నా కేడెన్స్‌కు అది చాలాకాలం కనిపించదు. ఆమె చూడనిది పాఠకుడు చూస్తాడు. ఆ నవల వల్ల లాభం అదే.

ఇటువంటి చదువు మన సంప్రదాయానికి విరుద్ధం కాదు. గురజాడ 'కన్యాశుల్కం'లో గిరీశం మాటలకు వెంకటేశం బోల్తా పడతాడు గాని నాటకం చూసేవారు పడరు. నవ్వుకుంటూనే మనిషిని పసిగడతారు. 'చందమామ' బేతాళ కథలు ఎన్నో ఏళ్లు పిల్లలకు కథ చెప్పి, చివర తప్పెవరిదని ప్రశ్న వేశాయి. రచ్చబండ దగ్గర తగవు తీర్చే పెద్దమనిషి ఇరుపక్షాలూ వినకుండా తీర్పు చెప్పడు కదా!

పిల్లలకు ఇందువల్ల మేలేమిటి?

గల్ఫ్‌కు పంపుతానని డబ్బు కట్టించుకునే ఏజెంటు, చిట్టీల పేరుతో ఇల్లిల్లూ తిరిగి చివరికి కనిపించకుండా పోయే పెద్దమనిషి, బ్యాంకు నుంచి అంటూ ఫోన్‌లో నంబరు అడిగే మోసగాడు, వీరందరూ కథ చక్కగా చెప్పేవారే. నచ్చేటట్టు మాట్లాడతారు కనుకనే జనం మోసపోతున్నారు. చెప్పేవాడి మాటను తూచి చూడడం పుస్తకంలో అలవాటైతే రేపు బయట ఉపయోగపడుతుంది. మరో మేలు కూడా ఉంది. మనకు గిట్టని మనిషి చెప్పేదంతా అబద్ధమే కానక్కర లేదు. అతని గోడు కూడా చివరిదాకా విన్న తర్వాతే మాట అనాలన్న ఓర్పు వస్తుంది.

చెడ్డవాడి కథ చదివితే పిల్లలు చెడిపోతారన్న భయం పెద్దలకు సహజమే. రక్తపాతం, అసభ్యత నింపిన పుస్తకాలు లేకపోలేదు. అందుకే ఎంపిక ఉపాధ్యాయులు, గ్రంథపాలకులు చేయాలి. చదివిన పిల్లవాడిని మూడు ప్రశ్నలు అడగాలి. కథ చెప్పినవాడు ఏమి చెప్పాడు? ఏమి దాచాడు? అలా దాచడం వల్ల ఎవరికి లాభం? వీటికి జవాబు చెప్పగల పిల్లవాడు చెడిపోడు.

గ్రంథాలయాల బాధ్యత

'చందమామ' దాటిన పిల్లలకు, పెద్దల నవలలు ఇంకా అందని వయసులో, తెలుగులో చదవడానికి దొరికేది బహు తక్కువ. ఆ ఖాళీని ఇప్పుడు సెల్‌ఫోన్ నింపుతున్నది. 1960 నాటి గ్రంథాలయ చట్టం కింద మనం ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను కూడా కడుతున్నాం. కాబట్టి అడిగే హక్కు మనకున్నది. ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాల గ్రంథాలయాలలో ఈ వయసు పిల్లలకు ఒక బీరువా ప్రత్యేకించాలి. మంచి పరిశోధక నవలలు, వీలైతే అనువాదాలు అందులో ఉంచాలి. ఏటా నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాల్లో వ్యాసరచన పోటీలతోపాటు, 'ఈ కథ చెప్పినవాడిని నమ్మవచ్చునా?' అని పిల్లల చేత చర్చ పెట్టించాలి. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు. ఆ నిలకడ పిల్లలకు చిన్ననాడే అలవాటు చేయడం పెద్దల విధి.