మాటకు వంశం అడ్డు పెట్టొద్దు

మూడేళ్ళు దాటినా బిడ్డకు మాటలు రాలేదంటే మార్కాపురం, గిద్దలూరు పల్లెల్లో జవాబు సిద్ధంగా ఉంటుంది: "వాళ్ళ నాయనకూ ఆలస్యంగానే వచ్చాయిలే, అది వాళ్ళ వంశం." చదువుకున్నవాళ్ళు దీనికే జీన్స్ అని పేరు పెట్టారు. పేరు మారింది, తప్పు అలాగే ఉంది.

జన్యువులకు మాటతో సంబంధం లేదని నేననను. లండన్‌లో ఒక కుటుంబంలో మూడు తరాలుగా సగం మందికి పలుకు సరిగా రాలేదు. ఫాక్స్‌పీ2 అనే జన్యువులోని చిన్న మార్పే అందుకు కారణమని 2001లో తేలింది. పత్రికలు దాన్ని 'భాషా జన్యువు' చేసేశాయి. ఎలుకకూ ఉంది ఆ జన్యువు! మెదడులో ఆడే విద్యుత్ తరంగాల తీరు కూడా కొంతవరకు తల్లిదండ్రుల నుంచి వచ్చేదే. సెకనుకు నాలుగు నుంచి ఎనిమిదిసార్లు ఆడే థీటా తరంగం, చెవిన పడే అక్షరాల నడకతో జత కలుస్తుంది.

అయితే భాష అంతటితో రాదు. 2016లో నాయ్ డింగ్, డేవిడ్ పోపెల్ బృందం సెకనుకు నాలుగు అక్షరాల చొప్పున చైనా భాష వాక్యాలను ఆపకుండా వినిపించింది. ఆ భాష వచ్చినవాళ్ళ మెదడులో అక్షరాల లయతోపాటు పదబంధాల లయ, వాక్యాల లయ కూడా లేచాయి. రానివాళ్ళలో అక్షరాల లయ ఒక్కటే కనిపించింది. పలక గనిలోంచి వస్తుంది, రాత రాదు. ఇది పలకల ఊరు మార్కాపురం వాళ్ళకు ఒకరు చెప్పాలా? నల్లమల చెంచులది వేరే తెగ, మాట్లాడేది తెలుగు. బెంగళూరు పనులకు వలసపోయిన మనవాళ్ళ పిల్లలు వీధిలో కన్నడం మాట్లాడతారు. అక్కడ ఏ వంశం అడ్డొచ్చింది?

వంశం నిజంగా చేయి పెట్టే చోటు ఒకటుంది, అది వినికిడి; దాని ఊసే ఎవరూ ఎత్తరు. పుట్టు చెవుడుకు దారితీసే జన్యులోపాలు చాలావరకు తల్లీ తండ్రీ ఇద్దరిలోనూ దాగి ఉంటేనే బయటపడతాయి. అలాంటి జంటకు పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ప్రమాదం. మేనరికాల్లో ఇద్దరిలోనూ అదే లోపం ఉండే అవకాశం ఎక్కువ. సంబంధం కలుపుకునేటప్పుడు గుర్తురాని వంశం, బిడ్డ మాట్లాడనప్పుడు మాత్రం గుర్తొస్తుంది.

చెవి పరీక్ష చేయించమంటే "కంచం మోగిస్తే తిరిగి చూస్తున్నాడు కదా" అంటారు. అది పరీక్ష కాదు. పెద్ద చప్పుడు వినిపించే చెవికే స, త, ప వంటి సన్నని ధ్వనులు అందకపోవచ్చు. అవి అందని మెదడు ఏ లయ నేర్చుకోవాలి? మాట ఆలస్యమైన బిడ్డలందరికీ చెవుడు ఉందని కాదు. లేదని తేలాలన్నా పరీక్ష చేయాలి.

చెవుడును మూడో నెలకల్లా పోల్చుకుని, ఆరో నెలకల్లా చికిత్స మొదలుపెట్టాలని వైద్యుల నియమం. మనం ఏళ్ళ తరబడి ఆగుతున్నాం. మీ ఇంట్లో మాట రాని బిడ్డ ఉంటే జాతకం, వంశవృక్షం పక్కన పెట్టి, ఈ వారమే బెరా అనే వినికిడి పరీక్ష చేయించండి.