తాళం వేసిన ఫోనులో చిక్కుకున్న మందుల చీటీ

ఉద్యోగ విరమణ చేసి ఏళ్ళు గడిచినా, జంగారెడ్డిగూడెంలో తెలిసినవారి ఇంట ఎవరికైనా జబ్బు చేస్తే కబురు నాకు అందుతూనే ఉంటుంది. ఒక వేసవి ఉదయం సమీప గ్రామంలోని ఒక పొగాకు రైతు ఇంటినుండి అటువంటి పిలుపే వచ్చింది. నేను వెళ్ళేసరికి ఆయన నోరు ఒక ప్రక్కకు వంగి ఉంది, కుడిచేయి లేవడం లేదు, మాట పెగలడం లేదు. పక్షవాతమని చూడగానే తెలుస్తున్నది. వెంటనే 108కు ఫోను చేయించాను.

మెదడు రక్తనాళంలో గడ్డ అడ్డుపడినప్పుడు దానిని కరిగించే ఇంజెక్షనును సాధారణంగా నాలుగున్నర గంటలలోపే ఇవ్వాలి. ఏలూరు మాకు సుమారు 50 కిలోమీటర్లు. ఆసుపత్రికి చేరగానే వైద్యులు అడిగే మొదటి ప్రశ్నలు రెండు: చివరిసారి మనిషి ఎప్పుడు బాగున్నాడు? ఏయే మందులు వాడుతున్నాడు? రెండవ ప్రశ్నకు ఆయన భార్య ఇచ్చిన సమాధానం ఒక్కటే: "గుండెకి ఏదో చిన్న బిళ్ళ ఏసుకుంటారండీ. చీటీలన్నీ ఫోనులో ఫొటోలు తీసి పెట్టుకున్నారండి."

ఫోనుకు గీతల తాళం ఉంది. కొడుకు ప్రయత్నించాడు, అల్లుడు ప్రయత్నించాడు. తప్పు గీతలు పెరిగిన కొద్దీ ఫోను మరికొంతసేపు ఆగమన్నది. చివరకు ఎవరో ఆయన బొటనవేలిని తెచ్చి ఫోనుకు ఆనించారు. రాత్రి చార్జింగు అయిపోయి ఆగిన ఫోనది. ఆగి మరల వెలిగిన ఫోను మొదటిసారి వేలిముద్రకు తెరుచుకోదు, సంకేతాన్నే అడుగుతుంది. ఆ సంగతి అక్కడ ఎవరికీ తెలియదు.

ఆసుపత్రిలో రక్తపరీక్ష జరిగిన తరువాత గాని, ఆ చిన్న బిళ్ళ రక్తాన్ని పలుచన చేసే మందని తేలలేదు. ఆ మందు ప్రభావం అధికంగా ఉన్నవారికి గడ్డ కరిగించే ఇంజెక్షను ఇస్తే మెదడులో రక్తస్రావమయ్యే ప్రమాదం ఉంది. కనుక ఇవ్వలేదు. ఫోను తెరుచుకొని ఉంటే ఆయన పూర్తిగా కోలుకునేవారని నేను అనను. కాని తొడ రక్తనాళం గుండా గొట్టం పంపి గడ్డను తొలగించే సదుపాయం గల పెద్ద ఆసుపత్రికి ముందే బయలుదేరదీసే ఆలోచనకైనా వ్యవధి ఉండేది. ఆయన బ్రతికారు. కుడిచేయి స్వాధీనంలోకి రాలేదు, మాట సగమే వచ్చింది.

తరువాత మరొక నష్టం జరిగింది. ఆయన గీతను చెప్పలేరు, గీయలేరు. కొడుకు తొందరపడి ఒక దుకాణంలో ఫోనును కొత్తదానిలా మార్పించాడు. అలా చేస్తే లోపలున్నదంతా చెరిగిపోతుంది. ఆపైన పాత గూగుల్ ఖాతా వివరాలు చెప్పనిదే ఫోను పనిచేయదు. దొంగల నుండి రక్షణకై చేసిన ఏర్పాటది. పొలం లెక్కలు, మనవరాలి తొలి అడుగుల వీడియో అన్నీ పోయాయి. తొందరపడకుండా, ఆయన సమ్మతితో సిమ్ కార్డును వేరొక ఫోనులో వేసి, దానికి వచ్చే సంకేతంతో ముందుగా గూగుల్ ఖాతాను తిరిగి పొందే ప్రయత్నం చేయవలసింది. ఫొటోలు ఆ ఖాతాలో భద్రమై ఉంటే మిగిలేవి.

ఈ ఉదంతం విన్నవారు కొందరు "కుటుంబంలో తాళాలెందుకు?" అంటారు. నేను ఏకీభవించను. నేటి ఫోనులో బ్యాంకు ఉంది, ఉత్తరాలున్నాయి, మనిషి అంతరంగం ఉంది. వృద్ధుడైనంత మాత్రాన ఆ గోప్యత రద్దు కాదు. స్పృహ లేని మనిషి బొటనవేలిని ఫోనుకు ఆనించడం, తెల్లకాగితంపై వేలిముద్ర వేయించుకోవడం కన్నా నాకు భిన్నంగా కనిపించదు. ప్రాణం నిలిపే చీటీ కోసం అందరి ఎదుట అదొక్కటే చూడడం వేరు, మిగిలినదంతా వెదకడం వేరు.

కనుక తాళాన్ని తీసివేయడం పరిష్కారం కాదు. ప్రాణావసరమైన సమాచారాన్ని తాళానికి వెలుపల ఉంచడమే నా సలహా. ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగులలో అత్యవసర సమాచారమనే భాగం, ఐఫోను హెల్త్ యాప్‌లో మెడికల్ ఐడీ ఉన్నాయి. రక్తవర్గం, జబ్బులు, మందులు, పడని మందులు, పిలవవలసిన వారి నంబర్లు అందులో వ్రాస్తే, తాళం తీయకుండానే ఎమర్జెన్సీ మీట ద్వారా చూడవచ్చు. ఐఫోనులో తాళం ఉన్నప్పుడూ కనిపించేలా అనుమతి ఇవ్వాలి. దానితోపాటు ఒక కాగితం బీరువా తలుపుకు, మరొకటి జేబుకు. కాగితానికి చార్జింగు అక్కరలేదు. ఫోను సంకేతాన్ని కవరులో మూసి, మీరు నమ్మిన ఒక్కరికి ఇవ్వండి. బ్యాంకు, యూపీఐ పిన్‌లు మాత్రం అందులో వ్రాయకండి.

వైద్యునిగా మరొక మాట. ఏళ్ళ తరబడి వాడిన సంకేతాన్ని పెద్దవారు పదేపదే మరచిపోతుంటే విసుక్కోకండి, వైద్యునికి చూపించండి. బి12 లోపం, థైరాయిడ్ మాంద్యం, మనోవ్యాకులత వంటి చికిత్సకు లొంగే కారణాలు ఉండవచ్చు. కాయకష్టంతో వేలిరేఖలు అరుగుతాయి. కెపాసిటబిన్ అనే క్యాన్సరు మందు వలన కూడా కొందరిలో అవి చెరిగిపోతాయి. వేలిముద్ర ఒక్కదానినే నమ్ముకోవద్దనడం అందుకే.

మరణానంతర విషయమూ ఆలోచించాలి. పోయినవారి ఫోనుతో డబ్బు తీయడం తగదు. నామినీగా బ్యాంకునే ఆశ్రయించాలి. మనం వాడడం మానిన ఖాతా సమాచారం ఎవరికి చేరాలో నిర్ణయించుకునే వీలు గూగుల్ 2013లోనే కల్పించింది. ఆపిల్ 2021లో లెగసీ కాంటాక్ట్ పేరిట ఇటువంటి ఏర్పాటు చేసింది. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, మరణం లేక అశక్తత సంభవిస్తే మన హక్కులను వినియోగించే వ్యక్తిని నామినేట్ చేసుకొనే హక్కును గుర్తించింది.

పొలం దస్తావేజు ఎక్కడుందో ఇంటిలో ఒకరికైనా చెప్పి ఉంచడం మన పెద్దలకు అలవాటు. మందుల చీటీ విషయంలోనూ అంత శ్రద్ధ చాలు. ఈ రోజు రాత్రి భోజనాల తరువాత ఆ పని ముగించండి. పది నిమిషాలకు మించి పట్టదు.