దవడ ఎముక దాకా పాకిందా? ఒక్క స్కాన్‌తో తేలదు

2022లో మన దేశంలో దాదాపు 1.43 లక్షల మందికి కొత్తగా పెదవి, నోటి క్యాన్సర్ వచ్చిందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. గుట్కా, ఖైనీ, జర్దా పాన్ నమిలేవాళ్లలో ఇది ఎక్కువగా బుగ్గ, చిగురు దగ్గర మొదలవుతుంది. దవడ ఎముక అక్కడికి పక్కనే. అందుకే బయాప్సీ తర్వాత డాక్టర్లు వేసుకునే మొదటి ప్రశ్న: ఎముకలోకి వెళ్లిందా?

జవాబును బట్టే ఆపరేషన్ మారుతుంది. గడ్డ ఎముకను తాకి ఆగితే అంచు మాత్రం తీసి దవడను నిలబెట్టొచ్చు. మూలుగలోకి దిగితే ఆ భాగం మొత్తం తీయాలి. చాలాసార్లు కాలి ఎముక ముక్కతో కొత్త దవడ కడతారు. అంటే తినడం, మాట్లాడటం, ముఖం రూపు అన్నీ దీనిపైనే ఆధారపడి ఉంటాయి.

చవకగా, చిన్న ఊళ్లలోనూ దొరికేది ఓపీజీ ఎక్స్‌రే. కానీ ఎముకలో ఖనిజాలు సుమారు 30 శాతానికి పైగా పోతే తప్ప అందులో తేడా కనపడదు. కాబట్టి ఓపీజీ బాగుందంటే ఎముక బాగున్నట్టు కాదు.

సీటీ ఎముక పైపొరను స్పష్టంగా చూపిస్తుంది, మెడ గడ్డలూ తెలుస్తాయి. పళ్లకు లోహపు క్యాపులుంటే మాత్రం బొమ్మ చెదిరిపోతుంది. కోన్ బీమ్ సీటీలో రేడియేషన్ తక్కువ, ఎముక బాగా కనపడుతుంది. మెత్తని కండ, మెడ గడ్డలకు అది చాలదు.

మూలుగలో, నరం వెంట పాకినదాన్ని పట్టడంలో ఎంఆర్ఐ ముందుంటుంది. చిక్కేంటంటే పంటి ఇన్ఫెక్షన్, ఈమధ్యే పన్ను పీకిన గుంట కూడా అందులో క్యాన్సర్‌లా కనపడొచ్చు. పెట్ సీటీ ఖరీదైనది. శరీరంలో ఇంకెక్కడికైనా పాకిందా చూడటానికి మేలు, కానీ ఎముకలో సన్నని వివరాలకు కాదు. వాపునూ గడ్డలాగే వెలిగించి చూపుతుంది.

అసలు తూకం ఇక్కడే. స్కాన్ తక్కువ చూపిస్తే క్యాన్సర్ లోపలే మిగిలిపోతుంది. ఎక్కువ చూపిస్తే మంచి దవడ పోతుంది. అందుకే సర్జన్లు సాధారణంగా సీటీతో మొదలుపెట్టి, అనుమానం ఉంటే ఎంఆర్ఐ కలుపుతారు. చేత్తో చేసే పరీక్షనూ వదలరు.

కుటుంబాలు చేయాల్సింది ఖరీదైన స్కాన్ కోసం పట్టుబట్టడం కాదు. ఇటీవల పన్ను పీకించుకుంటే, గుండెకు పేస్‌మేకర్ ఉంటే, కిడ్నీ సమస్య ఉంటే ముందే చెప్పాలి. పాత ఫిల్ములు, సీడీలు వెంట తీసుకెళ్లాలి. "ఈ స్కాన్ ఫలితంతో ఆపరేషన్ మారుతుందా?" అని అడగాలి. రెండు మూడు వారాలు దాటినా మానని నోటి పుండును మాత్రం అస్సలు నిర్లక్ష్యం చేయకూడదు. ఎముక చెక్కుచెదరక ముందే వస్తే ఈ లెక్కలన్నీ తేలికవుతాయి.