సాలమాండర్‌కు ఐసుముక్కలు చాలవు

సంపాదకుడికి,

గత సంచికలో సాలమాండర్ల పెంపకంపై వచ్చిన వ్యాసం చదివించింది. ఎండాకాలం గురించిన ఒక్క మాటే తిమ్మాజిపేట పాఠకులకు మింగుడుపడలేదు. తొట్టిలో నాలుగు ఐసుముక్కలు వేస్తే సరిపోతుందట!

పెంపుడు సాలమాండర్లలో పేరున్నది ఆక్సోలోట్ల్. మెక్సికో నగరంలోని షోచిమిల్కో కాలువలు దాని పుట్టిల్లు. చూడ్డానికి బల్లిలా ఉన్నా కప్పకు చుట్టం. దానికి 16 నుంచి 18 డిగ్రీల నీళ్లు హాయి, 24 దాటితే అవస్థ. మా నాగర్‌కర్నూల్ జిల్లాలో మే నెల ఎండ 40 దాటుతుంది. ఐసు కరిగేదాకా చల్లన, ఆపైన మళ్లీ వేడి. ఈ ఎగుడుదిగుడే ప్రాణిని మరింత కుంగదీస్తుంది. నీళ్లను ఒకే తీరుగా చల్లగా ఉంచే చిల్లర్ యంత్రం కావాలి. మరి కరెంటు పోతే? వ్యాసకర్త ఆ ఊసే ఎత్తలేదు.

మొప్పలు ముందుకు వంగడం, తోక కొస కొక్కెంలా తిరగడం, తిండి మానడం ఒత్తిడికి గుర్తులు. అప్పుడు మందుల కోసం పరుగెత్తకుండా ముందు నీళ్లు పరీక్షించాలి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. నల్లా నీళ్లయితే క్లోరిన్ పోగొట్టాకే వాడాలి. అడుగున గులకరాళ్లు పరిస్తే తిండితోపాటు వాటినీ మింగేస్తుంది. వ్యాసం పక్కనున్న ఫొటోలో మాత్రం తొట్టినిండా అవే!

ఇంకొకటి. ఆక్సోలోట్ల్ అంతర్జాతీయ వన్యప్రాణి వ్యాపారాన్ని నియంత్రించే ‘సైట్స్’ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. కాబట్టి 2024 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పెంచేవారు కేంద్ర పర్యావరణ శాఖవారి పరివేశ్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. కొనే ముందు అంగడివాణ్ణి కాగితాలు అడగమని వచ్చే సంచికలోనైనా రాయండి.

– ఒక పాఠకుడు, తిమ్మాజిపేట