వెల చెప్పడానికి సంకోచించే చేతులు

క్రిస్మస్ ఇంకా మూడు వారాలుందనగా మన సంఘాల్లో ఒక దృశ్యం తప్పక కనిపిస్తుంది. సండే స్కూల్ పిల్లల నాటికకు దుస్తులు కావాలి. ఆరాధన ముగిశాక కమిటీవాళ్లు సంఘంలో టైలరింగ్ షాపు నడుపుకునే సహోదరి దగ్గరకు వెళతారు. ‘అమ్మా, దేవుని పని, మీరే చూసుకోవాలి’ అంటారు. బట్ట కమిటీ కొనిస్తుంది. కుట్టుకూలి సంగతి వాళ్లు ఎత్తరు, ఆమె అంతకన్నా ఎత్తరు. షామియానా వేసేవాళ్లకు, మైకుసెట్టువాళ్లకు మాత్రం ఆ సాయంత్రమే అడ్వాన్సు ముడుతుంది.

ఇది ఎవరి మీదో చేస్తున్న నేరారోపణ కాదు. అలాంటి కమిటీల్లో మేమూ కూర్చున్నాం. ఒక ఏడాది ఒక సహోదరితో పన్నెండు జతలు కుట్టించుకుని, వేదిక మీదకు పిలిచి శాలువా కప్పి, చప్పట్లు కొట్టి పంపించాం. డిసెంబరంటే ఏడాది మొత్తంలో ఆమెకు నాలుగు డబ్బులు కళ్లజూసే నెల అనీ, మా పన్నెండు జతల కోసం వచ్చిన బేరాలను ఆమె తిప్పి పంపుకోవలసి వచ్చిందనీ మాకు తోచనే లేదు. ఆ నెల షాపు అద్దె అప్పు చేసి కట్టారని చాలాకాలం తర్వాత ఆమె భర్త మాటల సందర్భంలో చెబితే తెలిసింది. ఆయన ఫిర్యాదుగా చెప్పలేదు. అందుకే మాకది ఇంకా గట్టిగా తగిలింది.

ఎందుకిలా జరుగుతోంది? చేతిపని దైవపిలుపు కాదనే తలంపు మనలో ఎక్కడో పాతుకుపోయి ఉంది. ప్రసంగ వేదిక మీద జరిగేది సేవ, షాపులో జరిగేది పొట్టకూటి పని అని విడదీశాం. కేకులు చేసి అమ్మేవారు, మగ్గం వర్క్ చేయించేవారు, ఫొటో స్టూడియో నడిపేవారు, బోర్డులు రాసేవారు మన మధ్య ఎందరో ఉన్నారు. ‘ప్రభువు సేవ చేయాలని ఉంది గాని ఈ వ్యాపారం వదల్లేకపోతున్నా’నని కన్నీళ్లతో ప్రార్థన కోరేవారూ ఉన్నారు. వాళ్లు వదలవలసింది వ్యాపారాన్నేనా? ఆ ప్రశ్న మాత్రం వాళ్లను ఎవరూ అడగరు.

దేవుని ఆత్మతో నింపబడ్డాడని బైబిల్ మొట్టమొదట ఎవరి గురించి చెబుతుందో గుర్తుచేసుకోండి. ప్రవక్త గురించి కాదు, యాజకుని గురించీ కాదు. యూదా గోత్రపు పనివాడైన బెసలేలు గురించి (నిర్గమ 31:1–5). బంగారం, వెండి, ఇత్తడి పోతపోయడానికి, రత్నాలు చెక్కడానికి, కొయ్య మలచడానికి దేవుడు అతనికి జ్ఞానమిచ్చాడు. తోడుగా దాను గోత్రికుడైన అహోలీయాబును ఇచ్చాడు. బెసలేలు అంటే ‘దేవుని నీడలో’ అని అర్థం. ఎండలో కొలిమి ముందు కూర్చునేవాడికి ఎంత చక్కని పేరో చూడండి! వాళ్లు చేయవలసిన వాటిలో ప్రధానయాజకుని నిలువుటంగీ కూడా ఉంది. దాని అంచుకు నీల, ధూమ్ర, రక్తవర్ణాల నూలుతో దానిమ్మపండ్లు, మధ్యమధ్య బంగారు గంటలు ఉండాలన్నాడు దేవుడు (నిర్గమ 28:33, 34). గంటలైతే మోగుతాయి. నూలు దానిమ్మపండ్లతో ఏ పని జరుగుతుంది? ఏమీ జరగదు, అవి అందం కోసం. ఆ అందాన్ని కోరినవాడు దేవుడే. గుడారానికి కావలసిన నూలు వడికిన స్త్రీలను కూడా వాక్యం మరచిపోలేదు (నిర్గమ 35:25, 26). వడకడం జ్ఞానహృదయం ఉన్నవారు చేసే పని అని రాసిపెట్టింది.

ఇప్పుడు మన గోదావరి తీరానికి వద్దాం. నర్సాపురం ప్రాంతంలో ఇంటింటా కనిపించే లేసు అల్లికకు మన సంఘాల చరిత్రతో బంధముంది. పందొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు పేద స్త్రీలకు దీన్ని నేర్పించారు. ఆ లేసు ఓడలెక్కి విదేశాలకు వెళ్లింది. జర్మనీకి చెందిన సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ ఆ స్త్రీలను దగ్గరగా పరిశీలించి రాసిన పుస్తకం 1982లో వెలువడింది. ప్రపంచ మార్కెట్‌కు సరుకు అల్లుతున్న ఆ స్త్రీలను అందరూ పనివాళ్లుగా కాక ‘ఇంట్లో ఊరికే కూర్చున్నవాళ్లు’గా చూశారనీ, అల్లికను తీరిక సమయపు కాలక్షేపంగా లెక్కకట్టడం వల్లే వాళ్ల కూలి అంత హీనంగా ఉందనీ ఆమె తేల్చారు. 2024లో నర్సాపురం క్రోచెట్ లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. సంతోషమే. అయితే ఊరి పేరుకు దొరికిన విలువ అల్లే చేతి దాకా రావాలంటే, ముందు ఆ చేయి తన పనిని పని అనుకోవాలి కదా?

కాగితం మీద ఒక లెక్క వేసి చూద్దాం. ఒక సహోదరి టేబుల్ క్లాత్ అల్లిందనుకుందాం. దారానికి 400 రూపాయలు. రోజుకు 5 గంటల చొప్పున 12 రోజులు, అంటే 60 గంటలు పట్టింది. అడిగినవారు 2,000 ఎక్కువన్నారని 1,600కే ఇచ్చేసింది. దారం ఖర్చు తీసేస్తే చేతికొచ్చింది 1,200. గంటకు 20 రూపాయలు! ఇందులో కరెంటు లేదు, బజారుకు వెళ్లొచ్చిన ఆటో ఛార్జీ లేదు, ఆ పనితనం నేర్చుకోవడానికి పట్టిన ఏళ్లు అసలే లేవు. చాలామంది ఈ లెక్క వేసుకోరు. ‘ఇంత అడిగితే ఆశపోతుననుకుంటారేమో’ అని భయపడతారు. సామెతలు 31లోని గుణవతికి ఆ భయం లేదు. ఆమె నారబట్టలు నేసి అమ్ముతుంది, వర్తకులకు నడికట్లు సరఫరా చేస్తుంది, తన వ్యాపారంలో లాభమెంతో తెలిసి ఉంటుంది. మనం ఆ అధ్యాయాన్ని స్త్రీల కూటాల్లో, పెళ్లిళ్లలో ఎన్నోసార్లు చదువుతాం గాని పద్దెనిమిదో వచనం దగ్గర ఆగం. తుయతైర పట్టణస్థురాలు లూదియ ఊదారంగు పొడి అమ్ముకునేది. ప్రభువు ఆమె హృదయం తెరిచాడు, ఆమె తన ఇంటి తలుపులు తెరిచింది (అ.కా. 16:14, 15). వ్యాపారం మానుకొమ్మని పౌలు చెప్పినట్టు ఎక్కడా లేదు.

‘మరి దేవుని మందిరానికి కూడా వెల కట్టాలా?’ అని కొందరు అడుగుతారు. దావీదును అడుగుదాం. యెబూసీయుడైన అరౌనా తన కళ్లాన్ని, ఎద్దులను, కట్టెలను ఉచితంగా ఇస్తానన్నాడు. రాజు ఒప్పుకోలేదు. వెల ఇవ్వకుండా తీసుకున్నదాన్ని దేవునికి అర్పించనని 50 తులాల వెండి తూచి ఇచ్చాడు (2 సమూ. 24:24). యోవాషు దినాల్లో మందిరం బాగుచేసిన వడ్రంగులకు, కాసెవారికి కానుకల పెట్టెలోని ద్రవ్యంతోనే కూలి ముట్టింది (2 రాజులు 12:11, 12). పనివాని కూలి ఎగ్గొట్టి ఇల్లు కట్టుకునేవాడికి శ్రమ అని యిర్మీయా హెచ్చరించాడు (22:13). ఆ మాట మన పారిష్ హాలుకు వర్తించదా?

పౌలు డేరాలు కుట్టి బతికాడు, సంఘాల నుంచి జీతం తీసుకునే హక్కు వదులుకున్నాడన్నదీ నిజమే. కానీ 1 కొరింథీ తొమ్మిదో అధ్యాయం చదవండి. అది తన హక్కేనని ముందు గట్టిగా వాదించి, ఆ తర్వాతే తన ఇష్టంతో వదులుకున్నాడు. కానుక ఇచ్చేవారి చేతిలోంచి రావాలి. ‘మన సంఘం అమ్మాయే కదా’ అని అడిగి రాబట్టుకుంటే దానికి వేరే పేరుంది.

చిన్న వ్యాపారం నడిపేవారితో కూడా ఒక మాట. మీ దగ్గర మగ్గం మీద వంగి పనిచేసే కుర్రాళ్లు, గుండీలు కుట్టే అమ్మాయిలు ఉంటారు. గిరాకీదారు డబ్బు ఇంకా ఇవ్వలేదని వాళ్ల శనివారం కూలి ఆపితే, బిగపట్టిన ఆ కూలి మొరపెడుతుందంటాడు యాకోబు (5:4). మన పని విలువ మనకు తెలిసిందా లేదా అన్నది మన కింద పనిచేసేవారికి మనమిచ్చే దాంట్లోనే తెలిసిపోతుంది.

శాలువా కప్పి పంపిన ఆ సహోదరి దగ్గరకు కిందటి క్రిస్మస్‌కు మళ్లీ వెళ్లాం. బడ్జెట్ కాగితంలో షామియానా, మైకుసెట్టు కింద ‘కుట్టుకూలి’ అని ఒక వరుస రాసి, అంకె వేయకుండా ఖాళీగా వదిలి తీసుకువెళ్లాం. జతకు ఎంత అని అడిగాం. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. ‘మీ ఇష్టం అయ్యగారూ’ అన్నారు. ‘మా ఇష్టం కాదమ్మా, మీ లెక్క చెప్పండి’ అన్నాం. మర్నాడు పిల్లవాడి నోటుబుక్కులోంచి చించిన కాగితం పంపించారు. జతకు ఇంత, పది జతలకు ఇంత అని వివరంగా ఉంది. దాని కింద ఇంకో వరుస ఉంది. మిగతా రెండు జతలు నా కానుక అని.