ఆ ఓపికలేమిని కూడా కొలవండి

బ్లడ్ క్యాన్సర్‌కు కీమో తీసుకుంటున్న ఇంటర్ కుర్రాడు ఓపీలో "ఓపిక ఉండట్లేదు సార్" అంటాడు. డాక్టరు గారు రిపోర్టులో హిమోగ్లోబిన్ చూసి, "పర్వాలేదు, బాగా తిను, రెస్ట్ తీసుకో" అని ఫైలు మూసేస్తారు. ఈ జవాబు నాకు మింగుడుపడదు. రక్తహీనత ఆ అలసటకు ఒక కారణం మాత్రమే. మందులు, నొప్పి, చెదిరిన నిద్ర, దిగులు, కరిగిన కండ అన్నీ కలిసి మనిషిని కుంగదీస్తాయి. రాత్రంతా పడుకున్నా అది తీరదు. కొందరిని చికిత్స ముగిశాక కూడా ఏళ్ల తరబడి వదలదు. చదువూ స్నేహాలూ సాగాల్సిన వయసులో పిల్లలు మంచానికి అంటుకుపోతుంటే, క్యాన్సర్ అన్నాక మామూలే అని వైద్యులు సరిపెట్టుకోవడం అన్యాయం. అమెరికాలోని క్యాన్సర్ ఆసుపత్రుల కూటమి ఎన్‌సీసీఎన్ మార్గదర్శకాలు 12 ఏళ్లు దాటినవారిని 0 నుంచి 10 వరకు అంకెల్లో అలసట ఎంతో చెప్పమని అడగమంటాయి. 4, ఆపైన చెబితే కారణం వెతకాలి. దీనికి యంత్రం అక్కర్లేదు, అర నిమిషం చాలు. ఒంటికి తగ్గ నడక, వ్యాయామం ఈ అలసటను తగ్గిస్తాయని పరిశోధనలు తేల్చాయి. ఇంట్లో అమ్మ మాత్రం "కదలకు నాన్నా" అంటూనే ఉంటుంది, ఆమెకు ఎవరూ చెప్పలేదు మరి. ఆ తల్లిని కూర్చోబెట్టి నర్సో ఫిజియోథెరపిస్టో చెప్పాలి. జ్వరం, బరువు రాసే కాగితంలోనే అలసటకూ ఒక గడి పెట్టాలి.