వంతలు లేని కథ

ఈ దేశంలో ఏ తెలుగు సంఘం వారి ఉగాది సభకైనా వెళ్ళి, పాటల కార్యక్రమం మొదలవగానే ఒక్కసారి కళ్ళు మూసుకుని వినండి. వయొలిన్లు వినిపిస్తాయి, వేణువు వినిపిస్తుంది, తబలా, డ్రమ్ములు అన్నీ వినిపిస్తాయి. ఇప్పుడు కళ్ళు తెరిచి చూడండి. వేదిక మీద ఒకే ఒక్క మనిషి. చేతిలో మైకు, ఎదురుగా తెర, తెర మీద పాట మాటలు. వాద్యబృందం మొత్తం ఓ మూల చిన్న యంత్రంలో వుంది. దీనికి మనం సాంస్కృతిక కార్యక్రమం అని పేరు పెట్టి, చప్పట్లు కొట్టి, సుష్టుగా భోజనం చేసి ఇళ్ళకి వెళుతున్నాం.

1971లో జపాన్‌లోని కోబే నగరంలో ఇనొయె దైసుకే అనే వాద్యకారుడు ఈ యంత్రానికి తొలి రూపాల్లో ఒకదాన్ని తయారుచేశాడు. కరవోకే అన్న మాటకి అర్థం ఖాళీ వాద్యబృందం. పేరు పెట్టినవాళ్ళు నిజాయితీపరులు, ఖాళీని ఖాళీ అనే అన్నారు. మనం మాత్రం దాన్ని నిండుకుండలా వేదిక ఎక్కిస్తున్నాం.

నా ఆరోపణ ఇదీ: మన సభల్లో పాడేవాళ్ళకి కొదవ లేదు. వెనక నిలబడి వాయించేవాళ్ళని మనం తయారుచేయటం లేదు. తమంతట తాము తయారైన ఒకరిద్దరిని నిలవనివ్వటం లేదు. ఇందుకు నేను బేస్ గిటారుని ఉదాహరణగా తీసుకుంటున్నాను. ఆసుపత్రి డ్యూటీ లేని ఆదివారాల్లో నలుగురు మిత్రులతో కలిసి నేను వాయించేది అదే కనక కొంత పక్షపాతం వుండవచ్చు. కానీ వెనక నిలబడటం అనే పనికి అంతకంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

బుర్రకథ చూసినవాళ్ళకి ఈ పని సంగతి వేరే చెప్పనక్కరలేదు. మధ్యలో తంబుర పట్టుకున్న కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ఒకరిది హాస్యం, ఒకరిది రాజకీయం. ఇద్దరూ కలిసి తాళం మోస్తారు, కథకుడు ఊపిరి తీసుకునే చోట కథని కింద పడనివ్వరు. షేక్ నాజర్ గారంతటి కథకుడికి కూడా పక్కన వంతలు వుండవలసిందే. అటువంటి పనికి మన భాషలో ఇవాళ మిగిలిన గౌరవం ఏమిటి? “ఆయనకి ఈయన వంత పాడుతున్నాడు” అంటే తిట్టు! మాటకి పట్టిన గతే మన వేదికలకీ పట్టింది. అందరూ కథకులే, వంతలు ఎవరూ లేరు.

బేస్ గిటారు గురించి తెలియనివారి కోసం నాలుగు ముక్కలు. దానికి నాలుగు లావుపాటి తీగలు. మామూలు గిటారు కంటే ఒక స్థాయి కింద, మంద్రంలో పలుకుతాయి. అన్నిటికంటే కింది తీగ సెకనుకి సుమారు 41 సార్లు కంపిస్తుంది. పూర్వం ఈ పని మనిషంత ఎత్తున్న నిలువు బేస్ చేసేది. దాన్ని మోయటం కష్టం, డ్రమ్ముల పక్కన వినిపించేటట్టు వాయించటం ఇంకా కష్టం. 1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ దానికి బదులుగా, భుజానికి తగిలించుకునే విద్యుత్ వాద్యాన్ని ప్రెసిషన్ బేస్ అనే పేరుతో అమ్మకానికి తెచ్చాడు. మన వీణకి వున్నట్టు మెట్లు వున్నాయి కనక స్వరం కచ్చితంగా పడుతుంది. పేరులో ప్రెసిషన్ అందుకే వచ్చింది.

ఇక అది చేసే పని. డ్రమ్ము కాలం చెబుతుంది, గాయకుడు స్వరం చెబుతాడు. ఆ రెంటినీ కలిపి ముడివేసేది బేస్. ఇది వాయించేవాళ్ళ గొప్పలు కాదు. 2014లో కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒక హెచ్చు స్వరాన్నీ ఒక తగ్గు స్వరాన్నీ కలిపి వినిపిస్తూ, మధ్యమధ్య ఏదో ఒకదాన్ని సెకనులో ఇరవయ్యో వంతు ముందుగా వచ్చేటట్టు చేశారు. వినేవాళ్ళ మెదడు తగ్గు స్వరం తప్పినప్పుడే గట్టిగా స్పందించింది. అంటే కాలం విషయంలో మన మెదడు నమ్ముకునేది మంద్రాన్ని. గాయకుడు ఒక గమకం జారిస్తే సభ క్షమిస్తుంది. బేస్ తడబడితే, ఎందుకో తెలియకుండానే అందరూ కుర్చీల్లో ఇబ్బందిగా కదులుతారు.

ఈ మిషిగన్‌లో వుంటున్న మనకి ఈ పాఠం దూరంలో లేదు. డెట్రాయిట్‌లో హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి వున్న వెస్ట్ గ్రాండ్ బులెవార్డ్ మీదే, నడిచి వెళ్ళగలిగే దూరంలో, 2648 నంబరు గల ఒక మామూలు ఇల్లు వుంది. బెరీ గోర్డీ మోటౌన్ పాటలు రికార్డు చేసిన ఇల్లు అది. 1985 నుంచి మ్యూజియం. అక్కడ బేస్ వాయించినవాడు జేమ్స్ జేమర్సన్. 1936లో సౌత్ కరొలైనాలోని ఎడిస్టో ద్వీపంలో పుట్టి, 1954లో ఈ వూరికి వచ్చాడు. కుడిచేతి చూపుడు వేలు ఒక్కదానితోనే మీటేవాడు. 1964లో టెంప్టేషన్స్ పాడిన ‘మై గర్ల్’ పాట ఎవరి గొంతుతోనూ మొదలవదు, ఆయన బేస్‌తో మొదలవుతుంది. గుండె కొట్టుకున్నట్టుండే ఆ రెండు మూడు స్వరాలు విని ప్రపంచమంతా పాటని గుర్తుపడుతుంది. వాయించినవాణ్ణి గుర్తుపట్టదు. ఎన్నో ఏళ్ళపాటు మోటౌన్ రికార్డు అట్టల మీద వాద్యకారుల పేర్లే వేయలేదు. 1971లో మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ రికార్డు మీద ఆయన పేరు వచ్చింది. 1983లో, 47వ ఏట పోయాడు. రాక్ అండ్ రోల్ ప్రముఖుల వరసలో 2000లో చేర్చారు, మనిషి పోయిన పదిహేడేళ్ళకి.

మన మద్రాసు సంగతీ అంతే. ఇళయరాజా పాటల్లో బేస్ గిటారు ఎంత చక్కగా, రెండో పల్లవిలాగా నడుస్తుందో చెవి పెట్టి విన్నవారికి తెలుసు. ఆ రికార్డు అట్టల మీద గాయకులు, రచయిత, సంగీత దర్శకుడు వుండేవారు. వాయించినవారు కనిపించేవారు కారు. ఎ.ఆర్. రెహమాన్ వచ్చాక వాద్యకారుల పేర్లు అచ్చువేయించటం మొదలుపెట్టాడు కనక, కీత్ పీటర్స్ అనే బేస్ వాద్యకారుడు వున్నాడని మనకి తెలిసింది.

వైద్యులైన పాఠకులకి ఇంకా దగ్గరి పోలిక చెబుతాను. ఆపరేషన్ బాగా జరిగితే సర్జన్ గారికి పూలగుత్తి, మిఠాయి డబ్బా. తలవైపు కూర్చుని నాలుగు గంటలు ఊపిరి కాపాడిన మత్తు డాక్టరు పేరు రోగికి గుర్తుండదు. ఆయన లేకుండా ఆపరేషన్ చేయమని మనలో ఏ సర్జన్‌నైనా అడిగి చూడండి!

ఇక మన ఇళ్ళలో జరిగేది చూద్దాం. పిల్లవాడు బడిలో బ్యాండులో చేరి బేస్ వాయిస్తానంటాడు. “అదేమిట్రా, ముందు నిలబడేదేదైనా నేర్చుకోరాదూ?” అంటుంది అమ్మ. పోనీలే అని నాన్న కొనిపెట్టే సరంజామా ఎలా వుంటుంది? వాద్యం మాత్రం మిలమిల మెరిసే అయిదు తీగలది, వెయ్యి డాలర్లది. దాని పక్కన 8 అంగుళాల స్పీకరూ, 15 వాట్లూ వున్న చిన్న యాంప్లిఫయరు. పడకగదిలో సాధనకి అది చాలు. మూడు వందల మంది కూర్చున్న హాల్లో డ్రమ్ముల పక్కన పెడితే ఈగ రొద. మంద్ర స్వరానికి ఎక్కువ గాలిని కదపాలి. పైగా మన చెవికి మంద్రం తక్కువ వినిపిస్తుంది. ఈ సంగతి ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే కొలిచి చెప్పారు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్‌లే. అందుచేత హాల్లో బేస్‌కి కనీసం రెండు మూడు వందల వాట్లు కావాలి. లేదా డి.ఐ. బాక్సు అనే చిన్న డబ్బా ద్వారా వాద్యం వైరుని హాలు సౌండు సిస్టంలోకే కలపాలి. ఆ చిన్న డబ్బా సంగతి ఎవరూ చెప్పరు. పిల్లవాడు వేదిక ఎక్కుతాడు, వాయిస్తాడు, ఎవరికీ వినపడదు. “బేస్ వున్నా లేకపోయినా ఒకటే” అని పెద్దలు తీర్పు ఇస్తారు.

జేమర్సన్ సరంజామా ఎంత? ఒక 1962 ప్రెసిషన్ బేస్. తెగితే తప్ప మార్చని తీగలు. తీగల కింద, మోత ఆగటానికి, ఒక స్పాంజి ముక్క. క్లబ్బుల్లో వాయించేటప్పుడు ఆంపెగ్ బి-15 యాంప్లిఫయరు. స్టూడియోలో అయితే చాలావరకు వైరు నేరుగా మిక్సింగ్ బల్లలోకే. వాద్యం మీద పెట్టే డబ్బులో సగం యాంప్లిఫయరు మీద, మిగతా సగం మంచి గురువు మీద పెట్టండి.

అభ్యంతరాలు నేను వినకపోలేదు. మొదటిది, ఇది మన వాద్యం కాదని. వయొలిన్ మనదా? అది యూరప్ నుంచి వచ్చింది. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో పడ్డాక దాన్ని పరాయిదనే ధైర్యం ఎవరికుంది? పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ విద్యుత్ మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయిస్తే ప్రపంచం లేచి నిలబడలేదా? వాద్యానికి పాస్‌పోర్టు వుండదు. వాయించేవాడు ఏ పాట వాయిస్తే అది ఆ పాటది.

రెండోది, చెవులు పగిలే మోత అని. దీనికి వైద్యుడిగా జవాబు చెబుతాను. 85 డెసిబెల్‌ల శబ్దాన్ని రోజుకి ఎనిమిది గంటల వరకు భరించవచ్చుననీ, పైన ప్రతి 3 డెసిబెల్‌లకీ ఆ వ్యవధి సగం చేయాలనీ ఈ దేశపు వృత్తి ఆరోగ్య సంస్థ సలహా. అంటే 100 డెసిబెల్‌ల దగ్గర పావుగంటే. మోతవల్ల వచ్చే చెవుడు పరీక్షలో మొదట కనబడేది సాధారణంగా సెకనుకి 4,000 కంపనాల ప్రాంతంలో. అది బేస్ పలికే చోటు కాదు. తాళాల డ్రమ్ముల గలగల, కీచుమనే మైకు వుండే చోటు. బేస్ పూర్తిగా నిర్దోషి అనను, ఏ మోతయినా మితిమీరితే ముప్పే. కానీ మన హాళ్ళలో చెవులు పొడిచేది ట్రాకుతో పోటీపడి అరిచే మైకు. దాన్ని తగ్గించమని ఒక్కరూ అడగరు.

మూడోది, మనవాళ్ళు తప్పులు వాయిస్తారని. వాయిస్తారు! యంత్రం తప్పు వాయించదు. గాయకుడు పల్లవి మరిచిపోతే ఆగి ఎదురుచూడటం కూడా యంత్రానికి చేతకాదు. పాట తన దారిన తాను పోతుంది, గాయకుడు వెంట పరుగెడతాడు. వెనక మనుషులుంటే ఇంకో ఆవృతం తిప్పి ఆయన్ని చేరదీస్తారు. తప్పు దిద్దుకోవటం మనుషుల మధ్యే జరుగుతుంది. దానికే కదా మనం సంఘాలు పెట్టుకున్నది?

కార్యవర్గం వారికి నా కోరికలు నాలుగే. వచ్చే ఉగాదికి కనీసం సగం పాటలు ట్రాకు లేకుండా పాడించండి. అతిథి గాయకుల విమానం టిక్కెట్టులో ఒకదాని ఖర్చు మిగిల్చి, సంఘం పేరున ఒక బేస్ యాంప్లిఫయరు, ఒక డి.ఐ. బాక్సు, ఒక డ్రమ్ సెట్టు కొనండి. పాతవైనా పనికివస్తాయి. పిల్లల బృందాన్ని భోజనాల గడబిడలో పది నిమిషాలకి తోసేయక, పెద్దల పాటలకే వాళ్ళని వాయించనివ్వండి, సభకి ముందు ఆరు ఆదివారాలు సాధనకి గది ఇప్పించండి. నాలుగోది, పైసా ఖర్చు లేనిది: కార్యక్రమ పత్రంలో పాడినవారి పేరు కింద వాయించిన ప్రతివారి పేరూ, ఏ వాద్యమో కూడా, అదే సైజు అక్షరాల్లో వేయండి.

తల్లిదండ్రులకి ఒక్క మాట. మీవాడు బేస్ పట్టుకుంటే దిగులుపడకండి. నలుగురి మధ్య నిలబడి, అందరి మాటా వింటూ, తనవంతు తప్పకుండా మోయటం నేర్చుకుంటున్నాడు. రేపు వాడు డాక్టరయినా ఇంజనీరయినా ఆ చదువు అక్కరకొస్తుంది. ఈ సంఘంలో ఏనాడైనా పదవిలోకి వస్తే మరీను.